దమ్ము – ఊపిరి కండల సాధన



నేను ముప్పదిమూడేండ్లు తెలుగు బోధించి విశ్రాంతి గొన్నవాడను. వ్యాకరణమును కావ్యములను గురుముఖమున చదువుకొంటిని గాని దేహశాస్త్రము చదివినవాడను గాను. మల్లుడను అంతకంటె గాను. అట్టివాడు ముష్టియుద్ధము చేయు పిల్లల ఊపిరిని గూర్చి మాటలాడ సాహసించుట యేమని మీకు తోచవచ్చును. దీనికి కారణము మా వీథిలోని యొక బాలిక.

మాది బసంత్‌నగర్. ఒక ప్రక్క సున్నపురాతి క్వారీలు, సిమెంటు కర్మాగారము. కొంతదూరమున రామగుండము విద్యుత్కేంద్రపు పొగగొట్టములు. దాని కావల గోదావరిఖని బొగ్గుగనులు. ఇచ్చటి బిడ్డలు కష్టజీవుల బిడ్డలు. కుస్తీయన్నను, కబడ్డీయన్నను, ఇటీవల బాక్సింగన్నను ఎగబడి వత్తురు. గోదావరికి ఎగువనున్న నిజామాబాదులో పుట్టిన నిఖత్ జరీన్ 2022 లో ఇస్తాంబులునందును, 2023 లో న్యూఢిల్లీయందును ప్రపంచ విజేతగా నిలిచిన పిమ్మట ఆడపిల్లలును ముష్టిబంధములు తొడుగుకొనుట మా ప్రాంతమున వింతగా లేదు.

నేను చెప్పు బాలికకు పదునేడేండ్లు. తండ్రి లారీ నడుపును. ఆమె ఒక పోటీలో మొదటి రెండు రౌండ్లు చక్కగ గెలిచి మూడవ రౌండున చేతులు దించివేసెను. ఎదుటిపిల్ల అయిదాఱు దెబ్బలు వరుసగా కొట్టి గెలుపు తన్నుకొనిపోయెను. చూచినవారందఱు పిల్లకు గుండె లేదనిరి. మఱునాడు తండ్రీకూతుళ్ళు నా యింటికి వచ్చిరి.

"సార్, కాళ్ళల్ల బలమున్నది, చేతులల్ల బలమున్నది. మూడో రౌండుకొచ్చేసరికి దమ్ము సాలుతలేదు," అని ఆమె కన్నీరు పెట్టుకొనెను.

తండ్రి చేతిలోని ఫోనున నొక బొమ్మ చూపెను. ముక్కును నోటిని మూసి బిగించుకొను నల్లని తొడుగు. "గీ మాస్కు పెట్టుకొని ఉరికితె కొండలమీద ఉరికినట్టేనంట సార్. అప్పు జేసైన కొంట. కొనమంటరా?"

నాకు ఉత్తరము తెలియలేదు. తెలియదని చెప్పి పంపివేయుటకును మనసొప్పలేదు. దానికొక పాతకారణము గలదు. అది తరువాత చెప్పెదను. వారము దినములు గడువడిగి, వైద్యుడై స్థిరపడిన నా పూర్వశిష్యు నొకని పట్టుకొని, అతడు చదివి చెప్పగా నేను వింటిని. విన్నదానిని నా భాషలో మీకు నివేదించుచున్నాను.

మొదట మాటను చూతము. మన పూర్వులు ఊపిరితిత్తి యని పేరుపెట్టిరి. తిత్తి యనగా తోలుసంచి. కమ్మరి కొలిమికడ నుండు సంచి కొలిమితిత్తి. ఆ తిత్తి తనంత తాను గాలి పీల్చునా? పీల్చదు. కమ్మరి యాలో కొడుకో ప్రక్కన కూర్చుండి లాగుచుండవలెను. వారి చేయి నొచ్చినచో కొలిమి చల్లబడును. మన ఱొమ్ములోని తిత్తుల సంగతియు నింతే. గాలిని లోనికి లాగు కండ వానియందు లేదు. లాగెడి చేయి వేఱుగ నున్నది. ఱొమ్మునకును కడుపునకును నడుమ గొడుగువలె వంగియుండు పలుచని కండ యొకటి గలదు. పాఠ్యపుస్తకములలో దానిని ఉదరవితానమందురు. వితానమనగా పైకట్టు, చాందినీ. ఊపిరి పీల్చునపుడు ఈ చాందినీ క్రిందికి దిగి చదునగును. కడుపు ముందునకు వచ్చును. ప్రక్కటెముకల నడుమనుండు కండలు ఎముకలను పైకిని ప్రక్కలకును లేపును. మిక్కిలి ఆయాసపడువాని మెడప్రక్కల కండలు త్రాళ్ళవలె బిగిసి కనబడుట మీరెల్లరు చూచినదే. అవియు లాగుటకు సాయపడుచున్నవన్నమాట. ఊపిరి విడుచుటకు సుఖముగ కూర్చున్నపుడు శ్రమయే లేదు, తిత్తి తనంత తానే ముడుచుకొనును. పరుగున, పోరున మాత్రము కడుపుకండలు బిగిసి గాలిని వెడలగొట్టవలెను.

అన్నియు కండలే. దండచేయి ఎట్టిదో యివియు నట్టివే. అలయును, సాధనచేత బలపడును, సాధన మానిన సన్నగిల్లును. ఇది విన్నప్పుడు నాకు కొంత ఆశ్చర్యము కలిగినది. ఊపిరి తీయుట పుట్టినది మొదలు చచ్చువఱకు జరుగునది గదా, దానికి మఱల సాధన యేల యనుకొంటిని. నడకయు నట్టిదే, నడచువారందఱు పరుగుపందెము గెలువరు.

ఇక లెక్క చూడుడు. సుఖముగ కూర్చున్నవాడు నిమిషమునకు 12 మొదలు 16 పర్యాయములు ఊపిరి తీయును. ఒక్కొక్క ఊపిరికి అర లీటరు చొప్పున ఆఱు మొదలు ఎనిమిది లీటర్ల గాలి. గట్టిగ పోరాడువానికి అది 100 లీటర్లు దాటును. పది లీటర్ల బిందెలు పది, ఒక్క నిమిషములో, ఎడతెగక బావినుండి చేదుచున్నామనుకొనుడు. చేదుచేతికి శ్రమ గలుగదా? తీవ్రశ్రమయందు శరీరము వాడుకొను ప్రాణవాయువులో పదియవ పాలు, బాగుగ సాధన చేసినవారిలో ఒకప్పుడు అంతకంటె నెక్కువ, ఊపిరితీయు కండలకే వ్యయమగునని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి.

దీనికంటె విశేషమైన సంగతి అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జెరోమ్ డెంప్సీయు ఆయన సహచరులును 1990 దశకమున చూపిరి. ఊపిరి కండలు అలసిపోయినచో నాడుల ద్వారమున మొఱపెట్టుకొనును. అంతట కాళ్ళకు పోవు నెత్తుటినాళములు ఇఱుకగును. సైకిలు త్రొక్కువారికి యంత్రముతో ఊపిరి సాయము చేసి చూడగా కాళ్ళకు నెత్తురు హెచ్చినది. ఊపిరికి అడ్డు కల్పించి చూడగా తగ్గినది. ఇంట తిండిగింజలు కొఱతపడినపుడు మొదట పసిబిడ్డకు పెట్టుదురు, పెద్దలు పస్తుందురు. శరీరమును అట్లే ఊపిరికి ముందు పెట్టి కాళ్ళను పస్తుంచును. కాబట్టి మూడవ రౌండున మా బాలిక కాళ్ళు బరువెక్కుటకు కాళ్ళే కారణము కాకపోవచ్చును. గుండెధైర్యము మాట చెప్పనే అక్కఱలేదు.

పరుగుపందెగానికంటె మల్లునికి ఈ బాధ యెక్కువ. ఎందుచేతననగా, పోరులో ఊపిరి కండలకు ఇద్దఱు యజమానులు. దెబ్బ కొట్టుటకు నడుము బిగించవలెను. ఎత్తి పడవేయుటకు ఊపిరి పట్టి కడుపు గట్టిచేయవలెను. దెబ్బ తినుటకును బిగించియే యుండవలెను. ఆ బిగింపులో ఉదరవితానమునకు పాలు గలదు. అదే క్షణమున గాలియు కావలెను. బిగించినయెడల గాలి లేదు; గాలి తీసినయెడల బిగింపు సడలును. కుస్తీలో ఎదుటివాడు ఱొమ్ముపై పడుకొనెనా, అతని బరువునెల్ల ప్రతి ఊపిరికి లేపవలసియుండును. ముష్టియుద్ధమున దెబ్బదెబ్బకు "హుఁ" అని గాలి విడుచుట పిల్లలకు మొదటిదినముననే నేర్పుదురు. అది ఆర్భాటము కాదు. బిగింపును ఊపిరిని ఒక్క తాళమునకు దెచ్చు ఉపాయము.

మన ప్రాంతపు తాలీములలో ఉస్తాదులకు ఈ సంగతి పేరులతో గాకున్నను పనితో తెలియును. "దమ్ము" అనుమాట వారిదే. అది పారశీకమునుండి ఉర్దూ ద్వారమున మనకు వచ్చినది. మొదటి అర్థము ఊపిరి. ఊపిరికిని పౌరుషమునకును ఒక్కటే మాట యగుట వలన కలిగిన చిక్కు మీరు చూచితిరి గదా: దమ్ము చాలలేదని పిల్ల యనగా, పౌరుషము చాలలేదని ఊరనెను. దండీలు, బస్కీలు తీయించునపుడు ఊపిరి తప్పనీయకుండ లెక్క పెట్టించుట వారి సంప్రదాయము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున మల్లుల వ్యాయామములలో సలిలశ్రమయు నొకటి. మెడలోతు నీటిలో నిలిచినవాని ఱొమ్మును నీరు అన్నివైపుల నుండి అదుమును. ఊపిరి తీయుట కొంత బరువగును. ఆ కాలపువారు అది తలచి చేసిరో, ఒంటికి చల్లగ నుండునని చేసిరో నేను నిర్ణయింపజాలను.

ఇక మన చెడుగుడు. నేడు కబడ్డీ యనుచున్నాము. కూత విడువక ఎదుటిబరిలోనికి పోయి, నలుగురు మీదపడినను కూత తెగనీయక గీత తాకవలెను. నేటి నియమమున ఒక కూతకు 30 సెకండ్లు. ఆ ముప్పది సెకండ్లలో ఊపిరి కండలు పడుపాట్లు ఊపిరి విడుచుచునే పడవలెను. ఆడినవారికి తెలియును.

తెలుగుదేశమున ఊపిరిబలము మాట వచ్చినప్పుడు కోడి రామమూర్తి నాయుడుగారిని తలపనివారు లేరు. ఆయన జన్మస్థలము నేడు పార్వతీపురము మన్యము జిల్లాలో చేరిన వీరఘట్టము. 1942 లో గతించిరి. కలియుగభీముడని పేరుగాంచిరి. ఊపిరి పూరించి ఱొమ్మునకు చుట్టిన ఇనుపగొలుసును తెంచెడివారనియు, ఏనుగును ఱొమ్ముపై నిలిపించుకొనెడివారనియు ప్రసిద్ధి. వాయుస్తంభనము, జలస్తంభనము ఆయన విద్యలని పెద్దలు చెప్పుదురు. నేనును పాఠశాలలో ఆయన కథ ఎన్నియో పర్యాయములు పిల్లలకు చెప్పితిని. ఇప్పుడు తలచుకొనగా నాకొక లోపము తోచుచున్నది. గొలుసు తెగినది ఊపిరి మహిమచేతనే యని చెప్పితిని గాని, ఆ ఱొమ్ముకండలు, వెన్నుకండలు ఏండ్లతరబడి వ్యాయామముచేత రాటుదేలినవని చెప్పలేదు. పిల్లలు మహిమను పట్టుకొందురు, వ్యాయామమును విడుతురు.

దానివలన ఒక అపాయమును గలదు. మా ప్రాంతమున పాత క్వారీ గుంతలలో వానకాలము నీరు నిలుచును. యువకులు అందు మునిగి ఎవరెంతసేపు ఊపిరి బిగింతురో పందెము వేసికొందురు. ద్వైపాయన హ్రదమున దాగిన దుర్యోధనుని కథ చెప్పి నావంటి పంతుళ్ళే వారికి ఆ సరదా పుట్టించియుందుము. కొందఱు మునుగుటకు ముందు గబగబ పదియిరువది ఊపిరులు తీయుదురు. అట్లు చేసిన ఎక్కువసేపు నిలువవచ్చునని వారి నమ్మకము. ఎక్కువసేపు నిలుచుట నిజమే. అపాయమును అందే యున్నది. ఊపిరి తీయవలెనను తహతహ పుట్టించునది ప్రాణవాయువు తగ్గుట కాదు, లోపలి బొగ్గుపులుసు వాయువు పెరుగుట. గబగబ ఊపిరులచేత దానిని ముందే వెడలగొట్టినచో తహతహ ఆలస్యమగును. ప్రాణవాయువు మాత్రము తగ్గుచునే యుండును. హెచ్చరిక లేకయే నీటిలో స్మృతి తప్పును. ఈతవచ్చినవారును అట్లు మునిగిపోవుదురు. ఇది సాధన కాదు. తలిదండ్రులు వినుచున్నయెడల ఈ యొక్క మాట తప్పక పిల్లల చెవిని వేయుడు.

ప్రాణాయామము మాటయేమని అడుగుదురు. ప్రాణము యొక్క ఆయామము, అనగా నిడివి. మెల్లగ పీల్చి మెల్లగ విడుచుట చేత గుండెవేగము నెమ్మదించును, పోరునకు ముందటి కలవరము తగ్గును. దానిని నేను మెచ్చుకొందును. కాని ఊపిరిని అదుపులో నుంచుట వేఱు, ఊపిరి కండకు బలము గలిగించుట వేఱు. దీనికి నేనే దృష్టాంతము. నా గురువుగారు సీసపద్యపు పాదము నడుమ ఊపిరి తీయనిచ్చెడివారు కారు, తీసినచో తొడపాశము. ఆ సాధన చేత నేడును పాదము తెగకుండ చదువగలను. మేడమెట్లు ఇరువది ఎక్కినచో మాత్రము గోడ పట్టుకొని నిలుతును. ఏ కండకు ఏ బరువు పెట్టితిమో ఆ పనికే అది బలపడును.

1976 లో అమెరికాలో డేవిడ్ లీథ్, బ్రాడ్లీ అనువారు దీనినే పరీక్షించి చూపిరి. ఊపిరి కండలకు బరువు పెట్టినవారికి బలము హెచ్చినది. దీర్ఘకాలము వేగముగ ఊపిరి తీయుట అభ్యసించినవారికి ఓర్పు హెచ్చినది. అటుపిమ్మట బరువు పెట్టుటకు చిన్న పరికరములు వచ్చినవి. అరచేతిలో నిముడు గొట్టము. లోపల స్ప్రింగుతో బిగించిన మూత. తగినంత బలముగ పీల్చినగాని మూత తెఱచుకొనదు. మరచుట్టు త్రిప్పి బిగింపు పెంచుకొనవచ్చును. ముక్కునకు క్లిప్పు పెట్టి, గొట్టము నోట కఱచి, గాలిని ఒక్క ఉదుటున బలముగ నిండార పీల్చి, మెల్లగ విడువవలెను. 30 ఊపిరులు ఉదయము, 30 సాయంకాలము. బిగింపు తన గరిష్ఠబలములో సగము పాటి. మొత్తము దినమునకు పదినిమిషములు పట్టదు. నాలుగు మొదలు ఆఱు వారములలో కండబలము తెలియునంతగా పెరుగును. పిమ్మట వారమున రెండు మూడు దినములు చేసినను నిలుచును.

2001 లో ఇంగ్లండున 14 మంది పడవపందెపు స్త్రీలపై ఈ పద్ధతిని 11 వారములు పరీక్షించిరి. సగము మందికి నిజమైన బరువు, సగము మందికి పేరునకు మాత్రమే బరువు. నిజమైన బరువు పెట్టినవారు ఆఱు నిమిషముల పందెమున కొంచె మెక్కువ దూరము పోయిరి, ఆయాసమును తక్కువగ తెలిసినది. కొంచె మెక్కువ యనుమాటను గట్టిగ పట్టుకొనుడు. నూటికి రెండు మూడు పాళ్ళ లాభము. మూడవ రౌండున అది చిన్నది గాదు; కాని రౌండుకు రౌండు తిరుగవేయు మహిమయు గాదు. శరీరము వాడుకొనగల ప్రాణవాయువు గరిష్ఠపరిమాణము దీనివలన సాధారణముగ పెరుగదు. తిత్తులు పెద్దవి కావు. మల్లక్రీడలలోను పరీక్షలు జరిగినవి. వానిలో పెక్కింట పాల్గొన్నది పదిమంది, ఇరువదిమంది. కండబలము పెరిగినదని ఇంచుమించు అందఱు చెప్పుదురు. ఆటలో గెలుపు పెరిగినదా యన్నచో మాట తడబడుదురు. పదునెనిమిదేండ్లలోపు వారిపై జరిగినవి మఱియు తక్కువ. కనుక పిల్లలకు ఇది పప్పులో పోపువంటిదే. పరుగు, తాడాట, జతగానితో పోరు, నిద్ర, అన్నము, ఇవి లేని పోపు కడుపు నింపదు.

ఇక ఆ నల్లని తొడుగు. కొండమీది గాలి పలుచన; అందు ప్రతి ఊపిరికి ప్రాణవాయువు తక్కువ వచ్చును. తొడుగు పెట్టుకొన్నవాడు పీల్చునది బసంత్‌నగరు గాలియే. అందలి ప్రాణవాయువు పాలు మారదు. తొడుగు చేయునది ఊపిరికి అడ్డు మాత్రమే. ఆ అడ్డుచేత ఊపిరి కండకు కొంత సాధన కలుగవచ్చును గాని, దానిని పెట్టుకొని పరుగెత్తువాడు వేగముగ పరుగెత్తలేడు; కాళ్ళకు రావలసిన సాధన తగ్గును. అప్పుచేసి కొనదగినది కాదని తండ్రికి చెప్పితిని. కరోనా కాలమున ఇంటింటికి వచ్చిన మూడుబంతుల పరికరము చాలదా యని ఆయన అడిగెను. అది శస్త్రచికిత్స యైనవారు, జబ్బుపడినవారు మెల్లగ నిండుగ ఊపిరి తీయుటకు ఏర్పడినది. బంతి లేచుట చూచుటకు ముచ్చటగా నుండును. కండకు బరువు మాత్రము స్వల్పము.

ఈ నడుమ మఱియొక శిష్యుడు కలిసెను. బొగ్గుగనిలో పనిచేసి, రామగుండము ప్రాంతమందలి సింగరేణివారి గనిరక్షణ కేంద్రమున శిక్షణ పొందినవాడు. గనిలో పొగయో విషవాయువో వ్యాపించినపుడు లోనికి పోవువారు పదునైదు కిలోల పాటి ఊపిరిపరికరము వీపున కట్టుకొని పోవుదురు. ప్రతి గనికార్మికుడు నడుమున కట్టుకొను చిన్న రక్షకపరికరము వేఱొకటి. దానికిని ఈ సాధనకు చెప్పినట్లే నోట గొట్టము, ముక్కున క్లిప్పు. నేను మా బాలిక సంగతి చెప్పగా అతడు నవ్వి, "సార్, గొట్టం నోట్ల వెట్టుకున్నంక మొదటి అయిదు నిమిషాలే కష్టం. గాలి సాలుతలేదనిపిస్తది. సాలుతది. గాబరపడ్డోడే ఊపిరి వేగం పెంచి అలసిపోతడు," అనెను. పుస్తకములందు చదివినదానికంటె ఈ మాట నాకు ఎక్కువ వెలుగునిచ్చినది. బరువు పెట్టి పీల్చుట అలవడినవానికి బలముతోపాటు ఆ "చాలదు" అను భయము తగ్గును. రౌండ్ల నడుమ ఒక్క నిమిషములో నెమ్మదింపగల శక్తి అచ్చటనే యున్నది.

ఇంతవఱకు చెప్పినదంతయు ఆరోగ్యముగ నున్న పిల్లల మాట. ఆరోగ్యమున్నదో లేదో మొదట చూడవలెను. నేను చెప్పెదనన్న పాతకారణ మిదియే.

ముప్పదేండ్లకు మునుపు ఒక పాఠశాలలో పనిచేయు కాలమున వ్యాయామోపాధ్యాయుడు లేనందున కబడ్డీజట్టును నేనే చూచుకొనుచుంటిని. ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు మంచి చురుకైనవాడు. ఆట ముగిసిన అయిదు పది నిమిషములకు వానికి దగ్గు పట్టుకొనెడిది. ఊపిరి విడుచునపుడు పిల్లనగ్రోవి యూదినట్లు సన్నని కూత వినబడెడిది. ఆడినంతసేపు బాగుండి ఆట ఆగినపిమ్మట ఆయాసమేమని, ఇది దొంగయాయాసమని నేను నిశ్చయించితిని. దమ్ము పెరుగుటకని చెప్పి అందఱికంటె వానిచేత రెండు చుట్లు ఎక్కువ పరుగెత్తించితిని. ఒకనాటి చలియుదయమున వాడు మైదానము నడుమ కూలబడెను. పెదవులు నీలమైనవి. ఒక లారీలో వేసికొని వైద్యశాలకు పోతిమి. దైవవశమున బ్రతికెను. ఉబ్బసము. వ్యాయామముచే రేగు ఉబ్బసము తఱచుగ అట్లే, శ్రమ ఆగిన అయిదు మొదలు పదునైదు నిమిషములలోనే ముదురునని నాకు అప్పుడు తెలియదు. తెలియకపోవుట తప్పు కాకపోవచ్చును, అడుగకపోవుట తప్పు. ఆ పిల్లవాడు మఱల మైదానమునకు రాలేదు. నేడు గోదావరిఖనిలో దుకాణము నడుపుకొనుచున్నాడు. కనబడినపుడెల్ల "నమస్తే సార్" అని లేచి నిలుచును. ఆ నమస్కారము నాకు బరువు.

కావున మా బాలికకు నేను చెప్పిన మొదటి మాట, పరికరము కొనవద్దు, ముందు వైద్యునికడకు పొమ్మని. ఊపిరి విడుచునపుడు కూత వచ్చినచో ఉబ్బసము కావచ్చును. గట్టి శ్రమ నడుమ ఊపిరి పీల్చునపుడు గొంతువద్ద గఱగఱలాడినచో స్వరపేటిక ఇఱుకగుచున్నదేమో చూడవలెను. ఎప్పుడైన ఊపిరితిత్తి చిల్లిపడి గాలి ఱొమ్మున చేరినవారు, చెవిగూబ పగిలినవారు, ప్రక్కటెముక విఱిగినవారు బరువుపెట్టి పీల్చరాదు. శ్రమలో ఱొమ్ము నొచ్చినను, స్మృతి తప్పినను గుండెపరీక్ష కావలెను. మా బాలికకు ఇవేవియు లేవు. ప్రభుత్వ వైద్యశాలలో నెత్తురు పరీక్షించిరి. ఆడవారికి 12 ఉండవలసిన హిమోగ్లోబిను ఆమెకు 9 మాత్రమే.

శ్రోతలారా, 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ప్రాణవాయువును మోయు బండ్లే తక్కువైనపుడు తిత్తి ఎంత బలముగ లాగిన నేమి? బరువుతరగతి కోసము ఆ పిల్ల పోటీకి ముందు వారము దినములు అన్నము మానుచుండెననియు అప్పుడే బయటపడినది. గుండె లేదన్నవారిలో ఒక్కరును అది అడుగలేదు.

మూడు నెలలు ఇనుపమాత్రలు మ్రింగినది. తల్లి తోటకూర, గ్రుడ్డు, నువ్వులుండ తప్పనీయలేదు. నెత్తురు పెరిగిన పిమ్మట, వైద్యుడు సరేయనగా, శిక్షకుని యెదుట ఊపిరిసాధన మొదలుపెట్టినది. తొడుగు వెలలో కొంతకే చిన్న స్ప్రింగు పరికరము దొరకినది. జట్టులోని పిల్లలందఱు వంతులవారీగా ఊదుకొందుమనిరి గాని నేనొప్పుకొనలేదు. ఎంగిలి మాట మన ముసలివారు ఊరక చెప్పలేదు. క్షయ ఇంకను మన నడుమ నున్నది. ఎవరి గొట్టము వారిదే, దినదినము కడిగి ఆరబెట్టవలెను. మొదటివారము తల తిరిగినది. వేగము తగ్గించి, ఊపిరికి ఊపిరికి నడుమ ఆగి తీయుమని వైద్యశిష్యుడు ఫోనులో చెప్పగా కుదిరినది. పోరుసాధనకు ముందుగా కండను అలయనీయక, సాధనయైన పిమ్మటనో వేఱొక వేళనో చేయుట నేర్చుకొన్నది. రోడ్డుప్రక్క లారీల దుమ్ములో పరుగెత్తుట మాని చెఱువుకట్టపైకి మారినది.

ఉదయమున మా అరుగుపై కూర్చుండి ఆమె పీల్చుచుండగా నేను లెక్క పెట్టెడివాడను. ఇరువదియైదు దాటినపిమ్మట ముఖము కందిపోయెడిది. ముప్పది యనగానే గొట్టము తీసి నవ్వెడిది. ఎనిమిది వారములలో మరచుట్లు మూడు పెంచినది.

మొన్న జరిగిన పోటీకి నేనును పోయితిని. మూడవ రౌండున చేతులు దించలేదు. తుదిగంట వఱకు కాళ్ళు కదలుచునే యుండెను. ఐనను ఓడిపోయినది; ఎదుటిపిల్ల గడుసరి, దెబ్బలు లెక్కకు ఎక్కువ వేసినది. దిగులుపడునేమో యని దగ్గఱకు పోయితిని. చెమట తుడుచుకొనుచు నాతో ననినది: "సార్, ఈసారి దమ్ము సాలింది. దెబ్బనే సాలలే."

ఆ దెబ్బ సంగతి ఆమె శిక్షకుడు చూచుకొనవలసినది. నాకు తెలిసిన దింతమాత్రమే. సెలవు.